సీసాల్లో ఇంటి వాసనలు

ఆ రెండేళ్లు నా పని ఇళ్లకు వెళ్లి వాసనలు తీసుకురావడం.

ఎవరికి చెప్పినా మొదట నవ్వేవారు. మా అమ్మ అయితే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మరీ నవ్వింది. "డిగ్రీ చదివి ఇండ్లపొంటి తిరిగి వాసనలు సూస్తవా?" అంది. నేను పాఠాలు చెప్పే ప్రైవేటు బడి కరోనా తర్వాత మళ్లీ తెరుచుకోలేదు. ఏడో తరగతి పిల్లలకు బోర్డు మీద మెదడు బొమ్మ గీసి భాగాలు చెప్పినదాన్ని, ఏడాదిపాటు ఇంట్లో ఊరికే కూర్చున్నాను. అంతలో మెదక్‌లోనే, మా ఇంటికి నడిచిపోయేంత దూరంలో, తలకు దెబ్బ తగిలిన పిల్లల కోసం ఒక చిన్న దవాఖాన పెట్టారు. హైదరాబాద్‌లో ఆపరేషన్లు అయ్యి, ప్రాణభయం తప్పాక, కూర్చోవడం, మింగడం, మాట్లాడడం మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవలసిన పిల్లలు అక్కడికి వచ్చేవారు.

అది ఒకప్పుడు రైసుమిల్లు యజమాని ఇల్లు. మేడమీద పెద్ద హాలు, ఎత్తైన కిటికీలు, వాటికి ఆకుపచ్చ పరదాలు. మధ్యాహ్నం ఎండ ఆ పరదాల్లోంచి వచ్చేసరికి హాలంతా చెరువు అడుగున ఉన్నట్టు ఉండేది. ఫ్యాన్లు మెల్లగా తిరిగేవి. మంచాల మీద పిల్లలు కళ్లు సగం తెరిచి, ఎటో చూస్తూ, మాకు కనిపించని ఏదో నీటిలో తేలుతున్నట్టు పడుకుని ఉండేవారు. తల్లులు పక్కన స్టూళ్ల మీద కూర్చుని, తెలియకుండానే గొంతు తగ్గించి మాట్లాడుకునేవారు. మొదటి రోజు ఆ హాల్లోకి వెళ్లినప్పుడు నేనూ చెప్పులు చేత్తో పట్టుకుని నడిచాను. అలా నడవమని నాకెవరూ చెప్పలేదు.

పరీక్ష ఆలోచన అక్కడికి వారానికి మూడు రోజులు వచ్చే డాక్టరమ్మది. ఆమె సంగారెడ్డిలో పుట్టి పెరిగిన మనిషి. యాభై దాటి ఉంటాయి. మాట్లాడుతూ మధ్యలో ఆగి, ఆ మాట సరైనదేనా అని చూసుకుని, మళ్లీ మొదలుపెట్టేది.

"చూసింది, విన్నది, తాకింది, అన్నీ మెదడు లోపలికి పోవాలంటే ఒక పెద్ద దర్వాజా దాటాలె. వాసన గట్ల కాదు. పక్క సందులకెల్లి పోయి సీదా జ్ఞాపకాల దగ్గర తేల్తది. ఈ పిల్లలకు పెద్ద దర్వాజా మూసుకున్నా, ఆ సందు తెరిచి ఉన్నదేమో చూద్దాం."

"పనిచేస్తదా మేడం?" అని అడిగాను.

"తెల్వదు. తెలిస్తే పరీక్ష ఎందుకు?"

తల్లిదండ్రులకూ అదే చెప్పేది. మామూలు వైద్యం, వ్యాయామాలు ఏవీ ఆగవనీ, ఇది పనిచేస్తుందని తాను మాట ఇవ్వడం లేదనీ, వద్దంటే ఎవరూ ఏమీ అనుకోరనీ. అయినా వద్దన్నవాళ్లు ఒకరిద్దరే. మిగతావాళ్లు సంతకం చేసి, అదే చేత్తో బిడ్డ నుదురు నిమిరేవారు.

పరీక్ష ఇలా ఉండేది. ఒక్కో బిడ్డకు మూడు చిన్న గాజు సీసాలు. ఒకదానిలో ఆ బిడ్డ ఇంటి నుంచి తెచ్చిన వాసన. ఒకదానిలో నిమ్మగడ్డి నూనె, అది పిల్లలందరికీ ఒకటే. మూడోదానిలో ఉత్త నీళ్లలో తడిపిన దూది. కింది గదిలో సిస్టర్ వాటికి నల్ల కాగితం చుట్టి, లోపలిది కనబడకుండా మీద దూది పెట్టి, అంకెలు వేసి పంపేది, రోజూ మార్చి మార్చి. ఏది ఏదో నాకు తెలియకూడదు. తెలిస్తే నా ముఖమే బిడ్డకు చెప్పేస్తుందట. లేదా లేని కదలిక నా కళ్లకు కనిపిస్తుందట. అందుకని ఈత కొట్టేవాళ్లు పెట్టుకునే క్లిప్పు ముక్కుకు పెట్టుకుని, మీద మాస్కు వేసుకుని, సీసా మూత తీసి బిడ్డ ముక్కు దగ్గర పట్టుకుని పది వరకు లెక్కపెట్టేదాన్ని. రెప్ప కొట్టుకుందా, ఊపిరి మారిందా, వేలు కదిలిందా, చూపు ఎటు పోయింది, అన్నీ నోటుబుక్కులో రాసేదాన్ని. క్లిప్పుతో నా గొంతు పడిశం పట్టినట్టు వచ్చేది. తల్లులకు అదొక్కటే ఆ హాల్లో నవ్వుకునే సంగతి.

వాసన తేవడం మాత్రం నేననుకున్నంత తేలిక కాలేదు. "మీ ఇంట్ల ఏం వాసన ఉంటది?" అని అడిగితే ఎవరికీ తెలియదు. "మాది శుభ్రంగనే ఉంటది మేడం," అని కొందరు నొచ్చుకున్నారు. పాపన్నపేట నుంచి వచ్చిన ఒక బాబు తల్లి పౌడరు డబ్బా, సబ్బు, అగరొత్తులు తెచ్చి ఇచ్చింది. నేను వాళ్లింటికి వెళ్లి చూస్తే, ఆ ఇంట్లో పౌడరు వాసన ఎక్కడా లేదు. గడప దగ్గర నిలబెట్టిన ట్రాక్టరు డీజిల్, దాని టైర్లకు అంటుకున్న మంజీర ఒడ్డు బురద, తడిసిన వరిగడ్డి. టైరు మీది బురద గీకి, డీజిలు తుడిచే గుడ్డతో కలిపి సీసాలో పెట్టుకొచ్చాను. నాలుగో రోజున ఆ బాబు ఒక సీసా వైపు తల తిప్పాడు. తర్వాత అంకెలు విప్పి చూస్తే అది డీజిలు సీసానే. ఆ రోజు హాల్లో మేమందరం పండుగ వచ్చినట్టు తిరిగాం. డాక్టరమ్మ ఒక్కతే "ఒక్కసారికి ఏం తెలుస్తది," అంది. కానీ ఆమె కూడా ఆ సాయంత్రం మెట్లు దిగుతూ తనలో తాను నవ్వుకోవడం నేను చూశాను.

ఆ పనిలో పడ్డాక నాకు ఊరు వేరేలా తెలియసాగింది. వాన వెలిసిన పొద్దున చర్చి ఆవరణలో రాయికి ఒక వాసన. ఖిల్లా గుట్ట మీది నుంచి వచ్చే గాలికి ఎండుగడ్డి వాసన. బస్టాండు దగ్గర ఇడ్లీ ఆవిరి, దాని వెనకే బస్సు పొగ. కళ్లు మూసుకున్నా ఇల్లు చేరగలననిపించేది. మా ఇంటి వాసన మాత్రం నాకు అందలేదు. ఎన్నిసార్లు బయటి నుంచి గబుక్కున లోపలికి వచ్చి చూసినా అది నాకన్నా ముందే తప్పుకునేది. అమ్మను అడిగితే, "మన ఇంట్ల ఏం వాసన? నీకు నౌకరీతోని పిచ్చి లేసింది," అంది.

ఆ పాప వచ్చింది పత్తి ఏరే రోజుల్లో. తొమ్మిదేళ్లు. రేగోడ్ దగ్గర ఊరు. ట్రాలీలో నింపిన పత్తి మీద కూర్చుని వస్తుంటే, గతుకుల్లో బండి ఎగిరి, ముందుకు జారి నేల మీద పడింది. నుదురు ముందు తగిలింది. హైదరాబాద్‌లో ఆపరేషన్ చేశారు. మా దగ్గరికి వచ్చేనాటికి కళ్లు తెరిచేది, మూసేది, కానీ చూపు ఎక్కడా నిలిచేది కాదు. జుట్టు తీసేసిన తల మీద కొత్త వెంట్రుకలు పిచ్చుక పిల్ల ఈకల్లా వస్తున్నాయి. తల్లి పక్కనే ఉండేది, ఎక్కువ మాట్లాడని మనిషి. నేనొకప్పుడు టీచరునని తెలిశాక నన్ను "టీచరమ్మా" అనడం మొదలుపెట్టింది.

"మా అత్త దగ్గరికి పొండ్రి టీచరమ్మా. ఇది పుట్టినకాంచి ఆమె పక్కకే పంటది. నాకంటె ఆమెకే ఎర్క," అంది.

బస్సు దిగి, ఆటో పట్టుకుని ఆ ఊరు చేరేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. నానమ్మ గడపలో కూర్చుని పత్తిలోంచి చెత్త ఏరుతోంది. నేనెందుకు వచ్చానో చెప్పాను. చాలామందిలా ఆమె నవ్వలేదు, ఆశ్చర్యపోలేదు. చేతులు దులుపుకుని లేచి, ఇల్లంతా నాకు చూపించడం మొదలుపెట్టింది. జొన్నల బస్తాల పక్కన ఒక మూల. అక్కడ ఒక బొంత, మడత పెట్టి ఉంది.

"గీడనే పండుకుంటది. కాళ్లు నా మీదేసి."

బొంత తీసుకుని ముఖానికి ఆనించుకున్నాను. పాత గుడ్డ, కొబ్బరినూనె, జొన్న దుమ్ము, ఇంకా ఏదో వెచ్చటిది. ఆమె నన్నే చూస్తూ నిలబడింది. తర్వాత చాలా మెల్లగా అడిగింది.

"నా వాసన గూడ తీస్కపోతవా బిడ్డా?"

తల ఊపాను. ఆమె లోపలికి వెళ్లి కత్తెర తెచ్చుకుంది. కట్టుకున్న చీర కొంగుతో మెడ తుడుచుకుని, చేతులు తుడుచుకుని, ఆ కొస కత్తిరించి నా చేతిలో పెట్టింది. ఆ తర్వాత బొంత అంచు కూడా ఇంత కోసింది. రెండూ సీసాలో పెట్టి మూత బిగించాను. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. నర్సాపూర్ అడవి అవతల చుట్టాలింటికి పోతున్న ఒక పెద్దమనిషి, "గట్ల పట్టుకున్నవు, పగిలేటియా ఏంది?" అని అడిగాడు. "అవును తాతా," అన్నాను.

రోజూ మధ్యాహ్నం మూడు సీసాలు. ముక్కుకు క్లిప్పు, మాస్కు, నోటుబుక్కు. పాప మంచం కిటికీ పక్కన ఉండేది. పరదా కదిలినప్పుడల్లా ఆకుపచ్చ వెలుగు ఆమె ముఖం మీద జారేది. నేను వంగి, సీసా మూత తీసి, లెక్కపెట్టేదాన్ని. ఒకటి, రెండు, మూడు. ఆ పది అంకెల మధ్య ఎంత కాలం ఉండేదో నేను చెప్పలేను. నా ఊపిరి నాకే వినిపించేది. ఆమె కనురెప్పల కింద కంటిపాప ఇటూ అటూ తిరిగేది. ఎక్కడ ఉందో ఈ పిల్ల అనుకునేదాన్ని. పత్తి మీద కూర్చుని ఇంకా ప్రయాణంలోనే ఉందేమో, బండి ఇంకా ఎగరలేదేమో అనిపించేది.

మొదటి వారం ఏమీ లేదు. రెండో వారం కుడిచేతి వేళ్లు కదిలాయి. మూడో వారంలో ఒక రోజు, నేను ఏడు దాకా లెక్కపెట్టేసరికి, పాప కళ్లు మెల్లగా కదిలి నా ముఖం మీదికి వచ్చి ఆగాయి. అంతకుముందు నా మీదుగా జారిపోయిన చూపు ఆ రోజు ఆగింది. నేను లెక్క మరిచిపోయాను.

తల్లి స్టూలు మీది నుంచి లేచింది. "సూస్తున్నది! టీచరమ్మా, నిన్ను సూస్తున్నది! మా అత్త వాసన పట్టింది!" అంటూ ఏడ్చింది. పక్క మంచాల తల్లులు కూడా వచ్చి నిలబడ్డారు. ఒకామె నా చేతిలోని సీసాను రెండు చేతులా తాకి కళ్లకు అద్దుకుంది. నేను వద్దనలేదు. ఆ క్షణాన నేనూ నమ్మాను. ఆ రోజు సాయంత్రమే రేగోడ్‌కు ఫోను చేసి, "నీ మనుమరాలు చూసింది అవ్వా," అని చెప్పాను. అవతల ఎక్కడో కోడి అరుపు వినిపించింది.

నెల తిరిగాక అంకెలు విప్పారు. డాక్టరమ్మ నా నోటుబుక్కు, సిస్టర్ కాగితం పక్కపక్కన పెట్టుకుని చూసింది. ఆ రోజు, ఆ వేళ, నా చేతిలో ఉన్నది నీళ్ల సీసా.

"మళ్లొకసారి చూడండి మేడం," అన్నాను.

చూసింది. నీళ్ల సీసానే.

ఈలోపు పాప మెరుగవుతూనే ఉంది. దిండ్లు ఆనించి కూర్చోబెడితే కూర్చునేది. "అమ్మ" అంది. తర్వాత "నీళ్లు" అంది. ఎడమకాలు ఇంకా చెప్పినట్టు వినేది కాదు కానీ, చేతులు బాగా ఆడేవి. ఒక ఆదివారం నానమ్మ వచ్చింది. గుమ్మంలో ఆమె కనబడగానే పాప రెండు చేతులూ చాపింది. నానమ్మ పక్కన కూర్చోగానే, పాప ఆమె మెడలో ముఖం దాచుకుని చాలాసేపు అలాగే ఉండిపోయింది. మేమందరం ఏదో పని ఉన్నట్టు అవతలికి వెళ్లాం.

పరీక్షలో పాప వంతు అయిపోయాక, ఇక క్లిప్పు అవసరం లేక, ఒక రోజు ఆటగా నిమ్మగడ్డి నూనె సీసా ఆమె చేతికిచ్చాను. "ఏం వాసన చెప్పు?" అన్నాను.

పాప సీసాను ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా పీల్చింది. నా ముఖం చూసింది, తప్పు చెబితే ఏమంటానో అన్నట్టు.

"ఏం లేదు టీచర్."

కర్పూరం తెచ్చాను. "ఏం లేదు." సిస్టర్ అన్నం డబ్బాలోని ఉల్లిగడ్డ కోసి పెట్టాను. కళ్లలో నీళ్లు వచ్చాయి, కానీ "కండ్లు మండుతున్నయి, వాసన లేదు," అంది. చివరికి, సిస్టర్ నాకు తిరిగి ఇచ్చేసిన ఆ సీసాను సంచిలోంచి తీశాను. కొంగు ముక్క, బొంత ముక్క. నాకు మూత తీస్తుండగానే ఆ ఇల్లు కళ్లముందు కనబడింది. పాప లోపల ఉన్న గుడ్డను వేలితో బయటికి లాగి చూసి, "గిది మా నాయినమ్మ చీర," అంది. కంటితో గుర్తుపట్టింది. ముక్కు దగ్గర పెట్టుకుని తల అడ్డంగా ఊపింది.

డాక్టరమ్మ ఆమెను జాగ్రత్తగా పరీక్షించింది. నుదురు మీద పడ్డప్పుడు ముక్కు పైనుండే సన్నని నరాల పోగులు తెగిపోయి ఉంటాయని చెప్పింది. దెబ్బ తగిలిన రోజునే. అంటే మా దగ్గరికి వచ్చిన నాటి నుంచీ ఆ పాపకు ఏ సీసాలోనూ ఏ వాసనా లేదు. మూడూ నీళ్ల సీసాలే. ముక్కుకు క్లిప్పు పెట్టుకుని నేనూ, తెగిన పోగులతో ఆమే, మా ఇద్దరి మధ్య ఎవరికీ అందని ఒక ముసలామె కొంగు.

నాకు ఆ రోజంతా మనసు పరేషాన్‌గా ఉంది. "నేను ఆ అవ్వను మోసం చేసినట్టయింది మేడం," అన్నాను.

"మోసం చేయలే. తెల్వక చేసినం," అంది డాక్టరమ్మ. అని ఆగింది. ఆ మాట సరిగా లేదనిపించిందేమో, మళ్లీ మొదలుపెట్టింది. "ముందే ఆలోచించాల్సింది నేను. తలకు తగిలిన పిల్లల్లో కొందరికి వాసన పోతదని నాకు తెలుసు. అయినా ఆశ ఎక్కువైంది. గిది గూడ రాస్త."

రాసింది. పరీక్ష ముగిసినప్పుడు అందరి ఎదుటా చదివి వినిపించింది. ఇంటి వాసన పిల్లలను లేపుతుందని చెప్పడానికి మా దగ్గర ఆధారం లేదు. నీళ్ల సీసాకూ దానికీ తేడా ఉందని గట్టిగా అనలేం. పాపన్నపేట బాబు తల తిప్పడం ఊరికే జరిగి ఉండవచ్చు, కాకపోయీ ఉండవచ్చు. ఇంకెవరైనా మళ్లీ చేస్తే, సీసా లేకుండా ఒక మనిషి రోజూ ఒకే వేళకు వచ్చి వంగి చూసే పద్ధతిని కూడా పక్కపక్కన పెట్టి పోల్చాలి. చదువుతుంటే ఆమె గొంతు ఎక్కడా తడబడలేదు. నాకు ఆమె మీద అంతకుముందు కన్నా ఆ రోజు ఎక్కువ గౌరవం కలిగింది.

నానమ్మకు చెప్పే పని నేనే తీసుకున్నాను. పాపను ఇంటికి తీసుకుపోయే రోజు, కింద వేపచెట్టు దగ్గర ఆటో కోసం నిలబడి ఉన్నప్పుడు, ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె విన్నది.

"అయితె నా వాసన దానికి అందలే."

"అందలేదు అవ్వా."

"మరెట్ల లేసింది?"

"నాకు తెలవదు. డాక్టరమ్మకు కూడా తెలవదు."

"మంచిదే. తెల్వనిది తెల్వదన్నరు," అంది. తర్వాత కోసిన కొంగు చివర మడిచి కుట్టుకున్న చోటును వేళ్లతో సవరించుకుంది. "గిప్పుడు పక్కకు పండుకుంటె నేనని ఎట్ల తెలుస్తది దానికి?" అని అడిగింది, నన్నో, తనను తానో. పాప ఆటోలోంచి "నాయినమ్మా, రా!" అని పిలిచింది. ఆమె వెళ్లి ఎక్కింది.

ఇప్పుడు నేను మళ్లీ బడిలోనే పనిచేస్తున్నాను. మొన్న వేసవి సెలవుల్లో రేగోడ్ వెళ్లాను. పాప పొడుగైంది. ఎడమకాలు కొంచెం ఈడుస్తుంది, అయినా బడికి నడిచే పోతుంది. ముక్కు బాగుపడలేదు. పాలు విరిగాయో లేదో తల్లిని అడిగి తాగుతుంది. పొయ్యి మీద ఏదైనా మాడితే పొగ కనిపించేదాకా తెలియదు. అన్నానికి రుచి సగమే ఉందని చెప్పింది, ఫిర్యాదులా కాదు, ఎండ ఎక్కువగా ఉందన్నట్టు.

దవాఖాన రోజులు ఏమైనా గుర్తున్నాయా అని అడిగాను. మేమిద్దరం వాళ్లింటి వెనక దడి పక్క నీడలో కూర్చుని ఉన్నాం.

"నీళ్లల్ల ఉన్నట్టుండె," అంది. "పచ్చగ. పైన ఎవరో వొంగి సూస్తున్నట్టు నీడ పడుతుండె. పోతుండె, మల్ల పడుతుండె. గది నువ్వేనా?"

"నేనే అనుకుంటా."

"ముక్కుకు ఏదో ఉండె నీకు." నవ్వింది.

నేనూ నవ్వాను. సాయంత్రం తనే నన్ను ఆటో ఆగే చోటుకు తీసుకొచ్చింది. దారిలో దున్నిన చెలకలు, ఎర్రగా. నా చెయ్యి పట్టుకుని నడుస్తూ, ఎవరికీ చెప్పని మాట చెబుతున్నట్టు గొంతు తగ్గించింది.

"టీచర్, నాకు నిద్రల వాసనలు వస్తయి."

నేను ఆగిపోయాను. "ఏం వాసనలు?"

"అన్ని వస్తయి. లేసినంక పోతయి. పట్టుకుందామంటె దొరకయి."

"నానమ్మకు చెప్పినవా?"

"చెప్పిన. గందుకే పొద్దుగాల నన్ను లేపదు. మస్తుసేపు పండనిస్తది."

ఆటో వచ్చింది. ఎక్కి కూర్చున్నాను. ఆ పిల్ల, చెయ్యి ఊపి, ఎడమకాలు ఈడ్చుకుంటూ, తొందరేమీ లేనట్టు ఇంటి వైపు నడిచిపోయింది.